గట్టెక్కిన తరగతి: కోనసీమ ప్రాథమికోన్నత పాఠశాలల్లో విద్యాసంవత్సరాంతం - కాలనిర్ణయం, ప్రగతి నివేదన

వ్యాససంగ్రహం:

విద్యాసంవత్సరం చివర వార్షికోత్సవం, పరీక్షలు, ప్రగతి పత్రాల పంపిణీ ఒకదాని వెంట ఒకటిగా జరుగుతాయి. కోనసీమలో ఏడాది పొడవునా కోల్పోయిన బోధనా దినాల భారమంతా ఈ చివరి ఆరు వారాల మీదే పడుతుంది. వైనతేయ తీరంలోని అప్పనపల్లి పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, 6, 7, 8 తరగతుల సంవత్సరాంత కాలక్రమం ఎలా ఏర్పడిందో, ‘ప్రగతి’ అనే మాట ఆ క్రమంలో ఏ అర్థాన్ని సంతరించుకుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రగతి పత్రం ఆఖరి పనిదినాన చేతికందడం వల్ల, అది తెలిపే లోపాన్ని సరిదిద్దే వ్యవధి మిగలడం లేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: కోనసీమ, అప్పనపల్లి, విద్యాసంవత్సరాంతం, వార్షికోత్సవం, ప్రగతి పత్రం, ఒంటిపూట బడి.

ఉపోద్ఘాతం:

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలో, గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ ఒడ్డున అప్పనపల్లి ఉంది. ఆ పేరు వినగానే తెలుగువారికి బాలబాలాజీ ఆలయం స్ఫురిస్తుంది. కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి సంకల్పంతో వెలసిన క్షేత్రమది. ఆ తీరంలోని జీవనం ఏటిగట్టుతో, కొబ్బరి దింపుతో, వరి కోతలతో ముడిపడి ఉంది. పాఠశాల మాత్రం విద్యాశాఖ క్యాలెండరు ప్రకారం నడుస్తుంది. ఈ రెండు కాలగణనలూ ఏడాదంతా ఎలాగో సర్దుకుపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎదురెదురు పడతాయి.

ప్రాథమికోన్నత దశ అంటే 6 నుంచి 8 వరకు గల తరగతులు. పూర్వం దీనినే ‘మిడిల్ స్కూలు’ అనేవారు. ఇటు అక్షరాభ్యాస దశా కాదు, అటు పదో తరగతి పబ్లిక్ పరీక్షా కాదు. సంవత్సరాంతంలో అందరి దృష్టీ పదో తరగతి మీద ఉంటుంది కనుక ఈ మధ్య తరగతుల ముగింపు గురించి ఆలోచించేవారు తక్కువ. ఈ వ్యాసం ఏ ఒక్క పాఠశాలనూ ఎంచి చూపదు. తీరప్రాంత ప్రభుత్వ పాఠశాలలకు సామాన్యమైన స్థితినే పరిశీలిస్తుంది.

దసరా నాటి ప్రగతి నివేదన:

తెలుగు నేలమీద బడి ఏడాది ఎప్పుడూ ఏప్రిల్‌లో ముగిసేది కాదు. వీధిబడుల కాలంలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినాలు. చదువుకు ఆరంభం విజయదశమి. ఆ పండుగ రోజుల్లో విద్యార్థులు కొత్త బట్టలు కట్టుకొని, రంగు కాగితాలు అంటించిన విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలూ పాటలూ వినిపించేవారు. గృహస్థులు పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి కట్నం ఇచ్చేవారు.

దీనిని కేవలం ఒక వేడుకగా వర్ణించి వదిలేయడం పరిపాటి. నిజానికి అందులో మూడు పనులు కలిసి ఉన్నాయి. పిల్లవాడు ఏం నేర్చాడో ఊరు చెవులారా వింటుంది. అది ప్రగతి నివేదన. పిల్లలంతా కలిసి ప్రదర్శన ఇస్తారు, అది వార్షికోత్సవం. ఊరు గురువుకు ప్రతిఫలం ముట్టజెబుతుంది, అది జీతం. బాగా అప్పజెప్పిన పిల్లవాడి వల్ల అయ్యవారి సంభావన పెరిగే అవకాశం ఉన్నందున, గురువు పిల్లలకు నాలుగు పద్యాలు మాత్రమే బట్టీ పట్టించి ఊరేగించిన సందర్భాలు ఉండే ఉంటాయి. అందువల్ల ఆ పద్ధతిని ఆదర్శంగా చూపనవసరం లేదు. అయితే అందులో ఒక సుగుణం ఉంది. తండ్రి విన్నది మార్కు కాదు, కొడుకు గొంతు.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి అమలైంది. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి పిల్లలను పరీక్షించి, ఉత్తీర్ణుల సంఖ్యను బట్టి బడికి సొమ్ము మంజూరు చేసేవాడు. ప్రతిఫలం ఇచ్చేది ఊరు నుంచి ప్రభుత్వానికి మారింది, వినేవాడు ఇన్‌స్పెక్టరయ్యాడు. అంతవరకు ఒకే వేడుకలో ఉన్న పరీక్ష, ప్రదర్శన, ప్రతిఫలం వేరుపడ్డాయి. గురజాడ ‘కన్యాశుల్కం’లో వెంకటేశం పరీక్ష తప్పి క్రిస్మస్ సెలవులకు అగ్రహారం చేరతాడు. అతడి చదువు ఏపాటిదో ఇంట్లోవాళ్లు పోల్చుకోలేని స్థితి మీదే ఆ హాస్యంలో ఎంతో భాగం నిలబడి ఉంది. ఇంగ్లీషులో జరిగిన చదువును తెలుగింటివాళ్లు విని తూచలేరు. ఇంటికీ బడికీ మధ్య అప్పుడు ఏర్పడిన ఈ ఎడాన్ని పూడ్చే సాధనంగానే తర్వాతి కాలంలో ప్రోగ్రెస్ కార్డు వచ్చిందని భావించవచ్చు.

220 దినాల లెక్క:

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో రూపొంది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలి. 1 నుంచి 5 తరగతులకు ఇవి వరుసగా 200, 800. వెయ్యి గంటలను 220తో భాగిస్తే రోజుకు సుమారు 4 గంటల 33 నిమిషాలు వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా జూన్ 12న బడులు తెరిచి, ఏప్రిల్ 23న మూస్తారు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడి. ఉదయం 7 గంటల 45 నిమిషాల నుంచి 12 గంటల 30 నిమిషాల వరకు. మొత్తం 4 గంటల 45 నిమిషాలు. ప్రార్థనకు, విరామానికి 25 నిమిషాలు తీసివేస్తే బోధనకు 4 గంటల 20 నిమిషాలు మిగులుతాయి. చట్టం ఆశించిన సగటు కన్న పదమూడు నిమిషాలే తక్కువ. గంటల లెక్క చూస్తే ఒంటిపూట బడి పెద్ద నష్టమేమీ కాదు. చదువు వెనుకబాటుకు ఒంటిపూట బడులను తప్పుబట్టే వాదనకు ఇక్కడ బలం లేదు. ఏప్రిల్ ఎండలో రేకుల కప్పు కింద మధ్యాహ్నం పూట చెప్పే పాఠం ఎంత ఎక్కుతుందో తెలిసినవారెవరూ ఆ వాదన చేయరు.

నష్టం మరోచోట ఉంది. 2025లో మార్చి 15న ఒంటిపూట బడులు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఏప్రిల్ 23 వరకు 40 రోజులు. ఆదివారాలు ఆరు, వాటిలోనే ఉగాది, శ్రీరామనవమి కలిసిపోయాయి. రంజాన్, బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, రెండో శనివారం, అంబేద్కర్ జయంతి, గుడ్ ఫ్రైడే కలిపి మరో ఐదు రోజులు పోతే 29 పనిదినాలు మిగిలాయి. పదో తరగతి పరీక్షలకు ఏడు రోజులు. పరీక్షా కేంద్రమైన ఉన్నత పాఠశాలల్లో ఆ రోజుల్లో కింది తరగతులకు గదులు ఉండవు; వేళ మధ్యాహ్నానికి మారుతుంది. ఉపాధ్యాయుల్లో కొందరు ఇన్విజిలేషన్‌కు, ఆ తర్వాత మూల్యాంకన కేంద్రానికి వెళ్తారు. మరోవైపు 6, 7, 8 తరగతుల సొంత సంగ్రహణాత్మక పరీక్షలు, పేపర్లు దిద్దడం, మార్కుల నమోదు. ఇవన్నీ పనిదినాలే. హాజరు వేస్తారు, భోజనం పెడతారు, రిజిస్టరులో దినం లెక్కకు వస్తుంది. కొత్త పాఠం మాత్రం జరగదు. 220 అనేది బడి తెరిచి ఉన్న దినాల సంఖ్య. చదువు జరిగిన దినాల సంఖ్య దానికన్నా ఎప్పుడూ తక్కువే. ఆ తేడా ఎక్కువగా పోగుపడేది చివరి ఆరు వారాల్లో.

నది తీసుకునే సెలవులు:

కోనసీమలో ఈ తేడా మరింత పెద్దది. దానికి మూలం ఏడాది చివర కాదు, మొదట్లోనే ఉంది. గోదావరికి వరదలొచ్చేది జూలై, ఆగస్టు నెలల్లో. 1986 ఆగస్టు వరద ఈ తీరానికి ఇప్పటికీ కొలమానం. పెద్దవాళ్లు ఏ వరదనైనా దానితోనే పోల్చి చెబుతారు. 2022 సంగతి ప్రత్యేకం. ఆ ఏడాది రాష్ట్రంలో బడులు ఆలస్యంగా జూలై 5న తెరిచారు. జూలై మూడో వారం నాటికి ధవళేశ్వరం వద్ద నీటిమట్టం ప్రమాద హెచ్చరికలు దాటి, లంక గ్రామాలకు పడవలే దిక్కయ్యాయి. పుస్తకాలకు అట్టలు వేసుకునేలోపే బడి మూతపడింది. ఎత్తయిన ప్రదేశంలో ఉన్న బడి అయితే అది పునరావాస కేంద్రంగా మారుతుంది. నీరు తీశాక బురద కడిగి, గదులు ఆరేదాకా మళ్లీ తరగతిగా మారదు. ఆ విద్యాసంవత్సరం ఏప్రిల్ నెలాఖరున ముగిసింది. అంటే దాదాపు మూడు వారాలు ఆలస్యంగా మొదలై, వరదకు మరికొన్ని రోజులు కోల్పోయిన ఏడాదికి చివర్లో చేర్చింది ఒక్క వారం.

తుపాన్లది మరో కథ. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. అంతకుముందు 1995 జనవరి 8న మామిడికుదురు మండలంలోనే పాశర్లపూడి వద్ద సహజవాయువు బావి ఎగసి మండి, రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుపక్కల జనం ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. సరిగ్గా పరీక్షల ముందు నెలలవి. ఇటువంటివి క్యాలెండరులో ముందుగా రాసుకోగల విషయాలు కావు.

రాసుకోగలవి వేరే ఉన్నాయి. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం జరుగుతుంది. 2023 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధుల్లో కనిపించిన ఉత్సవమిది. సంక్రాంతి సెలవులు ముగిసినా, చుట్టపుచూపుగా వెళ్లిన పిల్లలు బడికి చేరడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది రథోత్సవం. ఆపైన దాళ్వా కోతలు సరిగ్గా మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్‌లో పడతాయి. పెద్దవాళ్లు చేలో ఉంటే చంటిబిడ్డను చూసుకోవడానికి ఇంటి దగ్గర మిగిలేది సాధారణంగా ఆరో తరగతో ఏడో తరగతో చదివే ఆడపిల్ల. (2011 సార్వాలో ఈ సీమ రైతులు పొలాలకే సెలవు ప్రకటించారు. ‘క్రాప్ హాలిడే’ అన్న మాట తెలుగు పత్రికల్లో స్థిరపడింది అప్పుడే. చేనుకు సెలవు దొరికినంత తేలికగా ఆ పిల్లకు బడి దొరకదు.)

కోల్పోయిన దినాలకు బదులుగా రెండో శనివారాలో, ఆదివారాలో బడి నడపాలని ఉత్తర్వులు వస్తాయి. సంఖ్య సరిపోతుంది. ఆ దినాల హాజరు పట్టికను చూసిన ఉపాధ్యాయులకు, సంఖ్య సరిపోవడానికీ పాఠం పూర్తి కావడానికీ ఉన్న దూరం తెలుసు. చివరకు జూలైలో పోయిన భిన్నాల పాఠం, నవంబరులో పోయిన వ్యాకరణం మార్చి నెలలో రోజుకొక అధ్యాయం చొప్పున పరుగులు తీస్తాయి.

‘గట్టెక్కడం’ అనే మాట:

పరీక్షలకు సంబంధించిన తెలుగు పలుకుబడులను గమనిస్తే వాటిలో చాలా భాగం దారినీ నీటినీ సూచిస్తాయి. పరీక్ష ‘తప్పాడు’, ‘దాటాడు’, ‘గట్టెక్కాడు’. సంస్కృతం నుంచి వచ్చిన ‘ఉత్తీర్ణత’కు కూడా ధాత్వర్థం దాటడమే, నదిని తరించి అవతలికి చేరడం. వైనతేయ ఒడ్డున పిల్లవాడి తాత బడికి వచ్చి “మావాడు గట్టెక్కాడా మేష్టారూ?” అని అడిగితే అందులో అలంకారం కన్నా అనుభవమే ఎక్కువ.

అయితే ఈ మాటలు పుట్టిన పరిస్థితి ఇప్పుడు లేదు. ఒకప్పుడు ఏడో తరగతికి జిల్లా స్థాయిలో ఉమ్మడి పరీక్ష ఉండేది. అది తప్పినవాడు అక్కడే ఆగిపోయేవాడు. చాలామంది చదువు అక్కడితో ముగిసేది. విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు ఏ పిల్లవాడినీ అదే తరగతిలో నిలిపివేయరాదన్నది. 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. 2019 సవరణ 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి రెండు నెలల్లోగా మరో అవకాశమిచ్చి, అప్పటికీ నెగ్గకపోతే నిలిపివేసే వెసులుబాటును ప్రభుత్వాలకు కల్పించింది. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని పాఠశాలలకు దీనిని వర్తింపజేసింది. ఆ సవరణ తర్వాత కూడా 6, 7 తరగతులకు నిలుపుదల లేదు.

నిలుపుదల తొలగించడం సరైన చర్యే. తప్పినవాడిని అదే గదిలో, అదే పద్ధతిలో, తనకన్నా చిన్నవాళ్ల మధ్య మరో ఏడాది కూర్చోబెట్టినంతమాత్రాన చదువు వస్తుందనడానికి ఆధారం లేదు. బడి మానేయడం మాత్రం తరచుగా జరిగింది. కానీ చట్టం 16వ సెక్షన్‌ను 29వ సెక్షన్‌తో జోడించి రాసింది. నిలపవద్దన్నది సులభంగా అమలైంది. ఏడాది పొడవునా గమనిస్తూ ఎప్పటి లోటు అప్పుడే పూడ్చమన్నది కాగితాల మీద నాలుగు నిర్మాణాత్మక, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాల పట్టికగా మిగిలింది. అందుచేత అందరూ గట్టెక్కుతున్నారు. ఈత వచ్చి ఎక్కినవారెవరో, పడవ ఎక్కించగా చేరినవారెవరో ఒడ్డున నిలబడి చూసేవారికి తెలియడం లేదు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టాక పదో తరగతి పబ్లిక్ పరీక్ష రెండేళ్ల దూరంలో ఉంటుంది. అక్కడ పడవ లేదు.

వార్షికోత్సవం:

సంవత్సరాంత కార్యక్రమాల్లో ఊరు నిజంగా పాల్గొనేది వార్షికోత్సవంలోనే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముందుగా స్వపరిపాలన దినోత్సవం వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్ల చీర కట్టుకొని తెలుగు టీచరవుతుంది, మరో కుర్రాడు ప్రధానోపాధ్యాయుడి కుర్చీలో కూర్చుంటాడు. తర్వాత వీడ్కోలు సభ, వార్షికోత్సవం. కోలాటం, గరగ నృత్యం, సినిమా పాటకు బృంద నృత్యం, ఎవరో ఒకరు మయసభ దుర్యోధనుడి ఏకపాత్రాభినయం. ఊరి దాతలు తమ తల్లిదండ్రుల పేరిట ప్రతిభా బహుమతులు ఇస్తారు.

ఇందుకు పోయే బోధనా సమయం మీద ఫిర్యాదులు తరచుగా వినిపిస్తాయి. వారం పది రోజులు సాధనకు పోతాయన్నది నిజం. అయినా ఆ సాధన వృథా అనలేం. తరగతిలో పాఠ్యపుస్తకం తెరిచి రెండు వాక్యాలు చదవడానికి తడబడే పిల్లవాడు, నాటికలో తన భాగాన్ని పదిసార్లు చదివి, కంఠస్థం చేసి, వేదిక మీద తడుముకోకుండా పలుకుతాడు. పదే పదే చదవడానికి అతడికి మొదటిసారి ఒక కారణం దొరికింది. తెలుగు ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి పఠన పరీక్ష దొరకదు. కాని ప్రగతి పత్రంలో దీనికి స్థానం ‘సహపాఠ్య కార్యక్రమాలు’ అనే గడిలో ఒక అక్షరం. బహుమతి ఎవరికి వస్తుందన్నది మరో చిక్కు. ప్రతిభా బహుమతులు తరగతికి ప్రథమ, ద్వితీయ స్థానాలకే వెళ్తాయి. జూన్‌లో కూడబలుక్కొని చదివి మార్చికి ధారాళంగా చదవగలిగిన పిల్లకు వేదిక మీద పిలుపు రాదు. దసరా నాడు ఇంటింటి ముంగిట ప్రతి పిల్లవాడికీ పప్పుబెల్లాలు దక్కేవి.

ప్రగతి పత్రం:

ఆఖరి పనిదినాన ప్రగతి పత్రాలు ఇస్తారు. ఒంటిపూట బడి ముగిసి, 12 గంటల 30 నిమిషాలకు పిల్లలు మధ్యాహ్న భోజనానికి కూర్చుంటారు. ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలన్నవారికి వేళ చూడకుండా అన్నం పెట్టిన ఆ తల్లి ఇదే వైనతేయ మీది లంకల గన్నవరానికి చెందినవారు. భోజనం తర్వాత పత్రాలు చేతిలో పెట్టుకొని ఇంటికి వెళ్తారు. అందులో విషయాలవారీగా మార్కులు, 91 దాటితే ఏ1 మొదలుగా గ్రేడ్లు, ఎత్తు, బరువు, పనిచేసిన రోజులు, వచ్చిన రోజులు.

ఇంట్లో ఆ పత్రాన్ని చదివేవారెవరు? కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనులకు వెళ్లిన తల్లులు ఎందరో ఉన్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. సంతకం అమ్మమ్మది, తల్లికి వాట్సాప్‌లో ఫొటో వెళ్తుంది. అమ్మమ్మ అన్నిటికన్నా శ్రద్ధగా అడిగి తెలుసుకునేది ‘వచ్చిన రోజులు’ అన్న గడి. ఇది అజ్ఞానం కాదు. 2020లో మొదలైన అమ్మ ఒడికీ, 2025లో వచ్చిన తల్లికి వందనానికీ 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఆ ఒక్క అంకెకు అర్థమేమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. ‘బి2’కు అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిపి, సమగ్ర ప్రగతి పత్రాలను అందించడం ఈ విషయంలో మంచి మలుపు. 2025 జూలై 10న రెండోసారి జరిగింది. డిసెంబరు సమావేశం విలువ దాని పరిమాణంలో కన్నా తేదీలో ఉంది. అప్పటికి ఇంకా నాలుగు నెలల చదువు మిగిలి ఉంటుంది. చెప్పిన మాటకు చేయవలసిన పని ఉంటుంది. ఏప్రిల్ 23న చెప్పిన మాటకు 49 రోజుల వేసవి మాత్రమే ఉంది. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ముంజలు, మామిడిపళ్లు, పెళ్లిళ్లు, చెరువు ఈతలు. అవి పిల్లలకు దక్కవలసినవే. కాబట్టి తెలుపవలసినది ఒంటిపూట బడులు మొదలుకాక ముందే, మార్చి మొదటి వారంలోనే తెలపాలి. అప్పుడు మిగిలిన ఆ 29 దినాల్లో, పరీక్షలు లేని రోజుల్లో, కొత్త అధ్యాయాల వెంట పరుగెత్తే బదులు చదవలేని నలుగురైదుగురి మీద పనిచేయడానికి వీలవుతుంది. ఇందుకు కొత్త నిధులూ కొత్త ఉత్తర్వులూ అక్కరలేదు. పత్రంలోని ఒక పుటను ఆరు వారాలు ముందుగా నింపితే చాలు.

ఆ పుటలోని భాష గురించి కూడా చెప్పాలి. ‘తెలుగు: బి2’ అనే బదులు “ఒక పుట కథను తడబడకుండా చదువుతాడు, చదివినదాన్ని సొంత మాటల్లో రాయలేడు, ఒత్తులు తప్పుతున్నాయి” అని మూడు చిన్న వాక్యాలు రాయవచ్చు. చదువురాని అమ్మమ్మకైనా పిల్లవాడే చదివి వినిపించగలడు. ముప్పైమంది పిల్లలకు మూడేసి వాక్యాలంటే తొంభై వాక్యాలు. మార్కుల నమోదుకు, వాటిని యాప్‌లోకి ఎక్కించడానికి పట్టే సమయంతో పోల్చితే ఎక్కువేమీ కాదు.

ప్రాథమికోన్నత పాఠశాల 7తోనో 8తోనో ముగుస్తుంది. అక్కడి నుంచి పిల్లవాడు మరో ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్తాడు. ప్రగతి పత్రం ఇంట్లో బియ్యం డబ్బా వెనుకో, పుస్తకాల సంచిలోనో ఉండిపోతుంది. జూన్ 12న కొత్త ఉపాధ్యాయుడి చేతికి చేరేది బదిలీ పత్రం ఒక్కటే. అందులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి, గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు ఉంటాయి. అతడు ఏం చదవగలడో రాయడానికి అందులో గడి లేదు.